అభ్యాసమన నేమి?

ఒకే కదలికను పలుమాఱు చేయుటయే యభ్యాసమని మనలోఁ బెక్కుమంది తలంతురు. ఈ తలంపు పరీక్షకు నిలుచునా?

1920 తరువాతి దశాబ్దమున మాస్కో నగరమందలి కేంద్ర శ్రమ సంస్థలో నికొలాయ్ బెర్న్‌స్టైన్ అను శాస్త్రజ్ఞుఁడు, చేయితిరిగిన పనివాండ్రు ఉలిమీఁద సుత్తెతోఁ గొట్టు తీరును ఛాయాచిత్రములఁ బట్టి పరిశీలించెను. సుత్తె మాటిమాటికి గుఱినే చేరుచుండెను. కాని భుజము, మోచేయి, మణికట్టు ఏ రెండు దెబ్బలకును ఒక్కరీతిగాఁ గదలలేదు. ఒక కీలు తప్పినదానిని మఱియొకటి సరిదిద్దుచుండెను. కావున నభ్యాసమనఁగా, ఒకే చిక్కును ప్రతిమాఱును క్రొత్తగా విప్పుకొనుట యని యాయన సిద్ధాంతము. మఱియు, క్రొత్తగా నేర్చువాఁడు కీళ్లను బిగఁబట్టుననియు, ఆ బిగువు సడలినకొలఁది నేర్పు పెరుగుననియు నాయన తెలిపెను.

ఇది నిజమేని, అక్షరము వంకరపోయెనని బిడ్డ వ్రేళ్లపైఁ గొట్టుట యెట్టి న్యాయము? చేయి తాను తప్పిన మేర నెఱిఁగియే తరువాతి కదలికను సవరించుకొనును. బెత్తపు భయము బిగువును హెచ్చించును. నేర్చుకొనవలసిన చేతిని కట్టివేయును.

అట్లైన శిక్షణయే వలదా యందురేమో. వలయును. బిడ్డకు గుఱి చూపుఁడు. తప్పినయెడల నెంత తప్పెనో చూపుఁడు. పిదప మరల వ్రాయనిండు. తప్పుటకుఁ జోటులేని యింట నేర్చుటకును జోటులేదు.