వెజ్జు – చిల్లంగి: రోగకారణం చెప్పడంలోని ధర్మసంకటం

సంస్కృత ‘వైద్య’ శబ్దం ప్రాకృతంలో ‘వెజ్జ’ అయి, తెలుగులో ‘వెజ్జు’గా స్థిరపడింది. ఉత్తరాంధ్ర కొండగ్రామాల్లో వినిపించే ‘ఎజ్జోడు’ కూడా ఆ మాటకు సంబంధించినదిగానే తోస్తుంది. అతడు మూలికలు ఇస్తాడు. అంతకుముందే రోగకారణం చెబుతాడు. ఆ మన్యంలోనే ‘చిల్లంగి’ అన్న నింద మనుషుల ప్రాణాలు తీసింది. కీడును తీయగలవాడు పెట్టనూగలడన్న తర్కంతో ఆ నింద ఒక్కోసారి వెజ్జు మీదికే మళ్లుతుంది. స్వస్థపరిచే విద్య నిందగా మారినప్పుడు నైతిక బాధ్యత ఎవరిదన్నది విచార్యాంశం.

దీన్ని మూఢనమ్మకమని తోసిపుచ్చినంతలో సమస్య తీరదు. అప్పటి సూడాన్‌లోని అజాండేలపై 1937లో వెలువరించిన గ్రంథంలో ఇవాన్స్ ప్రిచర్డ్ ఒక ఉదాహరణ చూపాడు. చెదలు తిన్న గుంజలు విరిగి ధాన్యపు కొట్టు కూలిందని అజాండేలకు తెలుసు. వారు అడిగేది వేరు: ఈ మనుషులు దాని నీడన కూర్చున్న వేళకే అది ఎందుకు కూలాలి? దోమకాటు వల్ల మలేరియా వస్తుందని తెలిసిన మన్యపు తల్లి కూడా తన బిడ్డకే ఎందుకని అడుగుతుంది. ఆ ప్రశ్నలో దోషం లేదు. ‘ఎందుకు’ అన్నది ‘ఎవరు’గా మారి, ఆ ‘ఎవరు’ పొరుగింటి మనిషి అయినప్పుడే అధర్మం మొదలవుతుంది.

ఈ మార్పు అనివార్యం కాదని సవరల సంప్రదాయం తెలుపుతుంది. ఒడిశా సవరలపై వెరియర్ ఎల్విన్ 1955లోనూ, పియర్స్ విటెబ్‌స్కీ 1993లోనూ గ్రంథాలు ప్రచురించారు. పూనకంలో ఉన్న వ్యక్తి నోట, తరచుగా స్త్రీ నోట, మృతులు మాట్లాడతారు. తమ అలకను, ఆకలిని చెప్పుకుంటారు. బంధువులు వాదిస్తారు, ఏడుస్తారు, బలి ఇచ్చి శాంతింపజేస్తారు. సవరలకు చేతబడి భయం లేదని కాదు. అయితే ఈ సంభాషణలో రోగభారం పడేది మృతులపైన. మృతులను ఊరి నుంచి వెలివేయలేరు, చంపలేరు; మాట్లాడి ఒప్పించవలసిందే.

కనుక వెజ్జు నిజాయితీగా నమ్మి చెప్పాడన్నది చాలిన సమాధానం కాదు. నమ్మకాన్ని పరీక్షించలేని చోట కూడా దాని ఫలితాన్ని ఎవరు మోస్తున్నారో విచారించవచ్చు. నిందపడిన వ్యక్తికి నిర్దోషిత్వం నిరూపించుకునే దారి లేదు. జార్ఖండ్ 2001లో, ఒడిశా 2013లో చేసిన చట్టాలు ఒకరిని మంత్రగత్తెగా ముద్రవేయడాన్నే నేరంగా పరిగణించడంలోని ఔచిత్యం ఇదే. అయితే చట్టం నిందను శిక్షించగలదే గాని, తల్లి ప్రశ్నకు జవాబివ్వలేదు. ఆసుపత్రి రోగం పేరు చెప్పి ఊరుకుంటే ఆమె మళ్లీ వెజ్జు గడపే తొక్కుతుంది. ఆమె దుఃఖాన్ని వినేవారు అక్కడే ఉన్నంతకాలం, అక్కడ చెప్పే పేరుకు సమాజమంతా బాధ్యురాలే.