మోళిగె మారయ్య కట్టెలమోపు – మాజీ సైనికుని అంగడి



ప్రతి సంవత్సరము డిసెంబరు 7వ తేదీన మన ఊళ్ళలో బడిపిల్లలు చిన్న పతాకములు చేతబట్టి, హుండీలతో ఇంటింటికి వచ్చుట మీరు చూచియే యుందురు. 1949 నుండి ఆ దినమును సాయుధ దళముల పతాక దినముగా జరుపుచున్నారు. మనము యథాశక్తి ఆ హుండీలో రూపాయలు వేసి, జెండాను చొక్కాకు గుచ్చుకొని, దేశరక్షకులకు మన ఋణము తీరినదని తృప్తిపడుచున్నాము. ఆ దానము మంచిదే. యుద్ధములో భర్తలను పోగొట్టుకొన్న తల్లులకు, అంగవైకల్యము పొందిన జవానులకు అది చేరును. కాని సరిహద్దునుండి తిరిగివచ్చి మన వీధిలోనే అంగడి పెట్టుకొన్న సైనికుని గడప మనము ఎన్నిసార్లు త్రొక్కితిమి? నేడు మీకు మనవి చేయదలచినది ఈ సంగతియే.

ముందుగా నా తప్పు చెప్పుకొందును. కొన్ని సంవత్సరముల క్రిందట మా ఊరికి ఒక హవల్దారు పదవీ విరమణ పొంది వచ్చినాడు. 17 ఏండ్లు మంచుకొండలలోను, ఎడారులలోను కాపలా కాచినవాడు. చేతికి వచ్చిన సొమ్ముతో బస్టాండు వెనుక కిరాణా అంగడి తెరచినాడు. ఆ యేడు ఆగస్టు 15న అతనికి శాలువ కప్పినవారిలో నేనొకడను. వేదిక మీద అరగంటసేపు అతని త్యాగమును కొనియాడితిని. ఆ సాయంకాలము మా ఇంటి నెలసరుకుల పట్టీ మాత్రము ఎప్పటివలెనే పాత అంగడికే పోయినది. ఊరిలో కొందరు నాకంటెను ఒక అడుగు ముందుకు వేసిరి. ‘మనవాడే గదా’ అని అతని వద్ద అరువు తెచ్చిరి. బాకీ అడిగిన దినమునుండి ఆ త్రోవ నడచుటయే మానిరి. శత్రువు ఎదుట నిలువ నేర్చిన మనిషికి బాకీదారు వాకిట నిలిచి గొంతెత్తుట చేతకాలేదు. 18 నెలలకు అంగడి మూతపడినది. ఇప్పుడతడు పట్నములో ఒక ఏటీఎం ముందు రాత్రి కాపలా కాయుచున్నాడు. కాపలా నీచమని నా మాట కాదు. ఏ కాయకమును నీచము కాదు. అయినను ఆ మనిషి తన ఊరిలో, తన పిల్లల నడుమ చేసికొనగోరిన కాయకమును మనము చేతులారా మూయించితిమి.

ఇది ఒక్కని కథ కాదు. మన దేశములో ఏటేటా సుమారు 60,000 మంది సైనికులు విరమణ పొందుచున్నారు. గుమాస్తాకు 60వ ఏట వచ్చు విశ్రాంతి జవానుకు 40 ఏండ్లకు అటు ఇటుగనే వచ్చును. సేన యౌవనముతో నుండవలెను గనుక ఆ నియమము. పిల్లల చదువులు, పెండ్లిండ్లు, తల్లిదండ్రుల వైద్యము సరిగా అప్పుడే ముంచుకొని వచ్చును. పింఛను కలదు గాని సంసారమంతటికి అది చాలదు. 2022లో ప్రకటించిన అగ్నిపథ్ పద్ధతి ప్రకారము చేరిన యువకుల సంగతి మరింత ఆలోచింపదగినది. వారిలో నూటికి 25 మందికి మించకుండ సేనలో నిలుపుకొని, తక్కినవారిని నాలుగేండ్లకే పంపివేయుట ఆ పద్ధతి. వారికి సేవానిధి క్రింద సుమారు 11 లక్షల 71 వేల రూపాయలు ముట్టును, పింఛను లేదు. ఇంకను మీసము సరిగా దిద్దుకొనని వయస్సులో ఆ సొమ్ముతో ఏదో ఒక వ్యాపారమునకు పూనుకొనువారు మన మధ్యకు రానున్నారు.

తాడేపల్లిగూడెము చెంతనున్న మాధవరమునకు ‘మిలిటరీ మాధవరము’ అని పేరు. ప్రపంచ యుద్ధముల నాటినుండి తరతరములుగా సేనకు బిడ్డలను పంపిన ఊరది. అట్టి ఊళ్ళలో తిరిగివచ్చినవాని కష్టము పొరుగువానికి తెలియును. మన ఊళ్ళలో ఒకరో ఇద్దరో యుందురు గనుక వారు ఒంటరులగుచున్నారు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయములు కలవు. శిక్షణ నిచ్చుటకు, దారి చూపుటకు ప్రభుత్వ శాఖలు కలవు. అవి అంగడి తెరచుటకు తోడ్పడగలవు గాని గిరాకీని పంపలేవు. గిరాకీ మన కాళ్ళతో నడచిపోవలసినది.

ఇక్కడ మోళిగె మారయ్యను తలచుకొందము. 12వ శతాబ్దిలో బసవేశ్వరుని కీర్తి విని కల్యాణమునకు వచ్చిన శరణులలో ఈయన ఒకడు. కాశ్మీర దేశమునకు రాజనియు, సింహాసనము విడిచి వచ్చెననియు ప్రతీతి. రాజ్యము సంగతి చరిత్రజ్ఞులు విచారింతురు గాక. మనకు కావలసినది అతడు కల్యాణములో చేసిన పని. సేనలను నడిపిన ఆ చేతులతో అడవిలో కట్టెలు కొట్టి, మోపులు కట్టి, వీధులలో అమ్మి, వచ్చిన దానితో జంగమదాసోహము చేయుచుండెను. ఒకనాడు అతడు ఇంట లేని వేళ బసవన్న మారువేషమున వచ్చి, ఆ ఇల్లాలు మహాదేవి పెట్టిన అంబలి ఆరగించి, వారి పేదరికమునకు కరగి, బంగారు నాణెములను రహస్యముగా విడిచిపోయెను. మారయ్య ఇంటికి వచ్చి చూచి సంతోషింపలేదు, నొచ్చుకొనెను. తన కట్టెలమోపు తన దాసోహమునకు చాలదని బసవన్న అనుకొనెనా? ఆ బంగారమంతయు జంగములకు పంచిపెట్టెను. బసవన్న ఆ సంగతి తెలిసి, పొరపాటు గ్రహించి, వచ్చి మన్నింపు కోరెనని చెప్పుదురు.

దయతో చేసిన దానము కూడ ఒక కాయకజీవిని ఏల నొప్పించెను? అతనికి కావలసినది మోపు కొనువాడు. మోపునకు సరియైన వెల ఇచ్చువాడు. మన మాజీ సైనికునికి కావలసినదియు ఇంతే. శాలువ కప్పి అరువు తెచ్చుట రెండు విధముల అవమానము. జాలితో అక్కరలేని సరుకు కొనుటయు అవమానమే. అవసరమైన సరుకును అతని వద్ద కొని, బేరములో అతని ప్రాణము తీయక, ఆ పూటనే రొక్కము చెల్లింపుడు.

మీలో ఒకరు ‘అతడు లింగధారి కాడు గదా’ అని అడుగవచ్చును. అనుభవమంటపములో మడివాళ మాచయ్య, అంబిగర చౌడయ్య ఏ పుట్టుకతో కూర్చుండిరో తలచుకొన్న పిమ్మట ఆ ప్రశ్న నిలువదు. వర్తక సోదరులు కొందరు ‘అతడు మాకు పోటీ’ అని గొణుగుదురు. అది నిజాయితీ గల మాట. దానిని నేను తోసివేయను. అయినను మీ తాత తండ్రులు మీకు ఇచ్చిన విద్య అతనికి లేదు. ఏ నెలలో కంది చవుక, ఎవరికి అరువు ఇయ్యవచ్చును, చిట్టా ఎట్లు వ్రాయవలెను, పురుగు పట్టకుండ బియ్యము ఎట్లు నిలువ చేయవలెను — సేనలో ఇవి నేర్పరు. ఒక నెల మీ గద్దె ప్రక్కన కూర్చుండబెట్టుకొని నేర్పినచో మీ పెట్టె తరుగదు. టోకు సరుకు మీ వద్దనే కొనును.

అతనికిని ధర్మము కలదు. ఆయ్దక్కి మారయ్య రాలిన బియ్యపు గింజలు ఏరుకొని తెచ్చు కాయకము వాడు. ఒకనాడు హెచ్చుగా తెచ్చినప్పుడు లక్కమ్మ వానిని తిరిగి అక్కడనే పోసి రమ్మని పంపినది. సేనలో పనిచేసితినను మాట తక్కువ తూకమునకు అడ్డము కారాదు. సరుకు బాగుండనిచో నిర్మొగమాటముగా చెప్పుడు. చెప్పకుండ మానివేయుటకంటె అది మేలు.

కుటుంబములు నెలకు ఒక పట్టీ పంపును. మఠములు దినదినము వందల విస్తళ్ళు వేయును. వాని బియ్యము, పప్పు, నూనె, గోధుమపిండి ఎక్కడనుండి వచ్చుచున్నవో మఠాధికారులు ఒకసారి చిట్టా తిరుగవేసి చూడ ప్రార్థన.

మా ఊరిలో గడచిన శ్రావణమునకు ముందు మరియొక విరమణ పొందిన నాయకు పిండిమర పెట్టినాడు. ఈసారి నేను వేదిక ఎక్కలేదు. మఠపు గోధుమలు రెండు బస్తాలు రిక్షాలో వేయించుకొని స్వయముగ పోయితిని. ఆయన తూచి, విసరి, తరుగెంత పోయెనో కాగితము మీద వ్రాసి ఇచ్చినాడు. కూలి ఇచ్చుచు, మఠము పని గదా యని పది రూపాయలు ఎక్కువ పెట్టితిని. ఆయన ఆ నోటును వేరుచేసి నా చేతిలో పెట్టి, ‘స్వామీ, వచ్చే సోమవారము కూడ గోధుమలు ఇక్కడికే పంపించండి’ అన్నాడు.