ఎవరి బరువు ఎవరు మోయవలెను?

ధ్యాన భాగము: గలతీయులకు 6:1–5

బిడ్డల హోంవర్కులో తలిదండ్రుల వంతు ఎంత? మన పాలమూరు, నల్లగొండ పల్లెలలో దీనికి రెండు జవాబులు కనబడుచున్నవి. చదువుకొన్న తండ్రి, పొద్దుపోయినదని లెక్కలన్నియు తానే చేసి పెట్టుచున్నాడు. చదువురాని తల్లి, "నాకేం తెలుసు బిడ్డా, నన్నడుగకు" అని తొలగిపోవుచున్నది. ఇద్దరికిని బిడ్డపై ప్రేమ గలదు. అయినను ఇద్దరును తమ వంతును తప్పుగా ఎంచుచున్నారు.

పౌలు ఒకరి భారములు ఒకరు మోయవలెననియు, వెంటనే ఎవని బరువు వాడే మోయవలెననియు చెప్పుచున్నాడు. ఇవి విరుద్ధములా? కావు. గ్రీకు మూలములోను, మన తెలుగు బైబిలులోను రెండు వేరు మాటలున్నవి. మొదటిది మనిషిని కుంగదీయు భారము. రెండవది ఎవరి నెత్తిన వారికుండు మూట.

లెక్క చేయుట బిడ్డ మూట. దానిని తండ్రి మోసినచో పరీక్షనాడు బిడ్డ వట్టి చేతులతో కూర్చుండును. అంతకంటె పెద్ద నష్టము, తనది కాని పనిని తనదని పంతులుకు చూపు అబద్ధమును ఇంటిలోనే నేర్చుకొనును.

భయము, ఒంటరితనము, టీవీ ఫోనుల గోల, ఇవి భారములు. వీటిని మోయుటకు అక్షరములు అక్కరలేదు. 2011 జనాభా లెక్కలలో ఏడేండ్లు నిండినవారిలో అక్షరాస్యులు అప్పటి మహబూబునగరు జిల్లాలో నూటికి 55 మంది, నల్లగొండలో 64 మంది మాత్రమే. 2022–23 నుండి సర్కారు బడులలోను ఇంగ్లీషు మీడియము వచ్చినది. తల్లి వెనుకాడుటలో వింత లేదు.

అయినను ఆమె టీవీ ఆపి బిడ్డ పక్కన కూర్చుండవచ్చును. "ఇయ్యాల సారు ఏం చెప్పిండు? నాకు చెప్పు" అని అడుగవచ్చును. పాఠమును తల్లికి తెలుగులో విప్పి చెప్పునప్పుడే, తనకు వచ్చినదేదో రానిదేదో బిడ్డకు తేటపడును. వలసపోయిన తండ్రియు రాత్రి ఫోనులో ఆ మాట అడుగవచ్చును. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అని ఎరిగిన తల్లికి లెక్క రాదనుట ఎట్లు? ఇద్దరికిని తెలియనిదానిని ఖాళీగా విడిచి, "రేపు సారును అడుగు" అని పంపుట సిగ్గు కాదు, నిజాయితీ.

తలిదండ్రులారా, కలము బిడ్డ చేతిలోనే ఉండనిండు. మీరు పక్కన ఉండుడు.