తక్‌పట్టీ చదివి వెళ్లు

బిడ్డా, రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ యాజమాన్య సంస్థ మేనేజ్ నుంచి ప్రవేశ ఇంటర్వ్యూకు పిలుపు వచ్చిందని విని సంతోషించాను. ఆ సంతోషం ఆరకముందే, నీవు అద్దం ముందు నిలుచుని ఎవరో రాసిచ్చిన జవాబులు వల్లె వేస్తున్నావని మీ నాయన చెప్పాడు. అప్పటినుంచి మనసు కుదుటపడలేదు. పెద్దవాణ్ణి గనుక చెబుతున్నాను, చెవిన పెట్టు.

"నాలుగేళ్లు వ్యవసాయం చదివి ఈ వ్యాపార చదువుకు ఎందుకు వస్తున్నావు?" అని నిన్ను అడగక మానరు. దీనికి రెండు అబద్ధాలు ఎప్పుడూ నాలుక చివరనే ఉంటాయి. సేద్యంలో ఏమీ మిగలదని తీసిపారేయడం ఒకటి. అన్నం పెట్టిన పనిని నలుగురిలో చిన్నబుచ్చినవాణ్ణి ఏ కొలువు నమ్ముతుంది? రెండోది ఇంకా తియ్యనిది: రైతులను ఉద్ధరించడానికే వస్తున్నానని కళ్లు చెమర్చేలా చెప్పడం. నీవు మంచి జీతం కూడా కోరుకుంటున్నావు. కోరుకో. ఇంటి అప్పు తీర్చాలనుకోవడం దోషమని ఏ ధర్మశాస్త్రమూ చెప్పలేదు. ఆ కోరికకు సేవ అనే శాలువా కప్పడమే దోషం. 1979లో పాడి సహకార ఉద్యమ నాయకుడు కురియన్ ఆనంద్‌లో గ్రామీణ యాజమాన్య సంస్థ ఇర్మాను నెలకొల్పినా, 1996లో మేనేజ్ వ్యవసాయ వ్యాపార కోర్సు తెరిచినా, చేనూ తెలిసి సంతా తెలిసిన మనుషులు కావాలనే. త్యాగమూర్తులు కావాలని ఎవరూ అడగలేదు.

నీది పటాన్‌చెరు. పరదేశపు కంపెనీల కథలు కంఠస్థం చేసే ముందు ఇంటి ఎదుట ఉన్నది చూడు. 1972లో అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఇక్కడ వెలిసింది. నల్లరేగడి, ఎర్రచెలక రెండూ ఒకే ఆవరణలో ఉండడం ఆ నేల భాగ్యం. అక్కడివారు కందిపై ఏళ్ల తరబడి తపస్సు చేశారు. కంది పువ్వు చాలావరకు తన పుప్పొడితోనే కాయ కడుతుంది, తేనెటీగలు మాత్రం కొంత పరాయి పుప్పొడిని మోసుకొస్తాయి. ఆ కొంతనే ఆధారం చేసుకుని, పుప్పొడి పనిచేయని మొక్కను తల్లిగా నిలిపి సంకరం సాధించారు. ఐసీపీహెచ్ 2671 అనే ఆ వంగడం 2010లో మధ్యప్రదేశ్‌లో విడుదలైంది.

ఇంతవరకు నీకు పుస్తకం చెబుతుంది. ఆపైన నిన్ను నీవే అడుగు. సంకర విత్తనం రైతు ఏటేటా కొనాలి. దాన్ని పండించే చేను వేరే కంది చేలకు దూరంగా ఉండాలి, తల్లి సాళ్లూ తండ్రి సాళ్లూ ఒకే అదనున పూయాలి, తేనెటీగ వచ్చి వాలాలి. ఇన్ని కుదిరి చేతికొచ్చిన గింజకు ఎంత ధర కట్టాలి? గాదెలో నిరుటి విత్తనం ఉన్నవాడు దీన్ని ఎందుకు కొనాలి? శాస్త్రం గెలిచిన చోట సంత ఎందుకు తటపటాయిస్తుందో ఒక రాత్రి కూర్చుని ఆలోచించినవాడు ఇంటర్వ్యూ గదిలో మాట తడబడినా నిలుస్తాడు.

ఇక బరువైన మాట. లాభమంటే రాబడిలో ఖర్చు పోగా మిగిలిందంటావు. మన ఊరి దగ్గరి నక్కవాగు గట్టున నిలబడి ఆ మాట మళ్లీ అను. ఇక్కడి కార్ఖానాలు మందులు చేశాయి, వేల ఇళ్లలో పొయ్యి వెలిగించాయి, కాదనను. వాటి మురుగు మంజీరలో కలిసే ఈ వాగులోకి చేరింది. బావులు, పొలాలు చెడిన పల్లెల గోడు 1990లో సుప్రీంకోర్టు గడప ఎక్కింది. 2007లో స్వీడన్ పరిశోధకులు ఇక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించి, లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు ఉందని ప్రకటించారు. మందు మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. నీరూ నేలా చెడిన ఆ ఖర్చు ఎవరి పద్దులో పడింది? రేపు ఏ విత్తన కంపెనీలోనో ఎరువుల కంపెనీలోనో కుర్చీ ఎక్కి లెక్క రాసేటప్పుడు, నీ కలం ఆ పద్దు దగ్గర ఒక్క క్షణం ఆగాలి.

తెలియని ప్రశ్న వస్తే తెలియదను. కందిలో గొడ్డుమోతు తెగులును ఏ నల్లి మోస్తుందో మరిచిపోతే, మరిచానని చెప్పు.

కోటు, బూట్ల సంగతి దుకాణంవాడు చూసుకుంటాడు. ఈ రాత్రి మీ నాయన ట్రంకుపెట్టె తెరువు. మార్కెట్ యార్డులో ఇచ్చిన తక్‌పట్టీలు అడుగున ఉంటాయి. తూకం ఎంత, తరుగు ఎంత కోశారు, హమాలీ ఎంత పోయింది, చేతికి ఎంత వచ్చింది, ఒక్కొక్కటే చదువు. అర్థం కానిచోట ఆయన్ను అడుగు. కాలేజీ గ్రామీణ అనుభవ శిక్షణ రావెప్ పేరిట పరాయి ఊళ్లో రైతులను వందల ప్రశ్నలు అడిగి రికార్డు నింపావు. ఆయన్ను మాత్రం ఒక్కటీ అడగలేదట. నాతో ఆ మాట చెప్పి, అటు తిరిగి బీడీ వెలిగించుకున్నాడు.