వేటదారిలో వెదకులాట

హింసకై పుట్టిన సాధనము వినోదమునకు వినియోగపడినచో దాని పూర్వదోషము తొలగునా? ఈ ప్రశ్నను విచారించుటకు ఐర్లండు దేశమున, డబ్లిను నగరమునకు దక్షిణముననున్న విక్లో పర్వతములలోని సైనిక మార్గముకంటె తగిన నిదర్శనము మాకు కానరాలేదు.

1798వ సంవత్సరమున ఐరిషు ప్రజలు బ్రిటిషు అధికారముపై తిరుగబడిరి. ఆ తిరుగుబాటు అణగినను, మైకేలు డ్వయరను నాయకుడు తన యనుచరులతో ఈ కొండలలో దాగి, అయిదేండ్లు చేతికి చిక్కకుండెను. బాటలేని కొండలలో దండు వేగముగ నడవజాలదు. కావున ప్రభుత్వమువారు 1800వ సంవత్సరమున బాట వేయింప మొదలిడిరి. దాని వెంబడి గ్లెన్‌క్రీ మొదలగు తావులయందు దండుశాలలు నిర్మించిరి. 1803లో డ్వయరు తానై లొంగిపోయెను. ఆయనను ఆస్ట్రేలియాకు పంపివేసిరి. బాట మాత్రము 1809లోగాని ముగియలేదు. వెదకబడినవాడు వెడలిపోయెను, వెదకుటకై వేసిన దారి నిలిచినది.

నేడు ఆ దారిని మరియొక వెదకులాట సాగుచున్నది. దీనిని జియోకేషింగని యందురు. ఒకరు చిన్న డబ్బాలో నొక పుస్తకమునుంచి, రాళ్లసందున దాచి, ఆ తావుయొక్క అక్షాంశ రేఖాంశములను ప్రకటింతురు. ఇతరులు ఉపగ్రహ సంకేతముల నందుకొను యంత్రమును చేతబట్టి దానిని కనుగొని, పుస్తకమున పేరు వ్రాసి, యథాస్థానమున నుంచి పోవుదురు. ఆ యుపగ్రహములును అమెరికా సైన్యముకొరకు నెలకొల్పబడినవే. వాని సంకేతములందు బుద్ధిపూర్వకముగ కల్పింపబడుచుండిన లోపము 2000 మే నెలలో తొలగింపబడగా, కొలది దినములలోనే ఈ యాట పుట్టినది. అనగా కాలిక్రింది దారియు, చేతిలోని యంత్రమును, రెండును దండుకొరకు పుట్టినవే!

ఇట్టి యాట తగదనువారు కొందరుండవచ్చును. ప్రాణభయముతో మనుష్యుడు దాగినచోట వేడుకకై డబ్బాలు దాచుట ఆతని వేదనను పరిహసించుట కాదా యని వారి శంక. ఇది త్రోసివేయదగిన శంక కాదు. కాని మా యభిప్రాయమున దోషము వేడుకయందు లేదు, మరపునందున్నది. నాటి వెదకులాట దాగినవానిని పట్టి కొనిపోవుటకై. నేటిది దొరకినదానిని మరల దాచి, రాబోవువానికి మిగుల్చుటకై. డబ్బాలోని వస్తువు నొకదానిని గైకొన్నవాడు దానికి తీసిపోనిదానిని అందుంచవలెనను నియమము కలదు. దాచుటకై నేల త్రవ్వరాదను నియమమును కలదు. ఆ కొండలపై వేలయేండ్లుగ పేరుకొన్న పీటునేల చీలినయెడల ఒక తరములో పూడదు. ఈ నియమములను పాటించువాడు సాధనమును శుద్ధిచేయుచున్నాడు. పాటింపనివాడు చిన్న దండయాత్రయే చేయుచున్నాడు.

అయినను నియమము చాలదు, జ్ఞాపకము గూడ వలయును. గ్లెన్‌క్రీ దండుశాల నేడు శాంతి సమాధానములకై పాటుపడు సంస్థకు నెలవైనది. గోడలు నాటివే, సంకల్పము వేరు. ఆ మార్పు గోడలు తమంతట తాము చేసికొన్నది గాదు. అట్లే దారియు తనంతట తాను మారదు. డబ్బా దాచువారు తావును వర్ణించునపుడు, ఆ దారి యెవరిని పట్టుటకై వేయబడెనో రెండు వాక్యములు వ్రాసిన చాలును. వెదకువాడు డబ్బాతోపాటు ఆ మనుష్యుని గూడ కనుగొనును. దోషము తొలగుట యనగా మాకు తోచినంతవరకు నిదియే.