నా రిపోర్టు నా ఒక్కడిదేనా?

ప్రారబ్ధాన్ని వదిలేసిన బాణంతో పోలుస్తారు కదా, ఇక వెనక్కి రాదని. దాన్ని పట్టుకుని మనలో చాలామంది "రాసిపెట్టింది జరుగుతుంది, చేసేదేముంది" అనేస్తుంటారు. ఈ మాట మా ఇంట్లో గట్టి పరీక్షకే నిలబడింది.

మా మేనమామకి 43 ఏళ్లకే పెద్దపేగు క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ తర్వాత చేసిన జీన్ టెస్టులో లించ్ సిండ్రోమ్ అని తేలింది. మన కణాలు విడిపోయేటప్పుడు డీఎన్ఏ కాపీలో దొర్లే తప్పుల్ని దిద్దే జీన్లు కొన్ని ఉంటాయి: ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6, పీఎంఎస్2. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే కోడ్ రివ్యూ టీమ్ అన్నమాట. వాటిలో ఒకటి పుట్టుకతోనే దెబ్బతింటే తప్పులు పేరుకుపోతాయి, క్యాన్సర్ ముప్పు బాగా పెరుగుతుంది. అమ్మానాన్నల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం 50 శాతం.

రిపోర్టు చూడగానే అత్తయ్య అన్న మొదటి మాట: "ఎవరికీ చెప్పకండి, పిల్ల సంబంధాలు చెడిపోతాయి." అది స్వార్థం కాదు, తల్లి భయం. నాకు అర్థమైంది. కానీ అదే జీన్ మా అమ్మకి, పిన్నికి, నాకు, మా చెల్లికి కూడా ఉండొచ్చు కదా! మరి ఆ కాగితం మావయ్య ఒక్కడిదేనా?

1895లో అమెరికాలోని మిషిగన్‌లో కుట్టుపని చేసుకునే ఒక యువతి, మా వాళ్లంతా క్యాన్సర్‌తోనే పోతున్నారు, నేనూ అలాగే పోతానని డాక్టర్ ఆల్‌డ్రెడ్ వార్తిన్‌తో చెప్పింది. అన్నట్టే చిన్న వయసులోనే గర్భాశయ క్యాన్సర్‌తో చనిపోయింది. కానీ ఆమె చెప్పబట్టే ఆయన ఆ వంశవృక్షాన్ని రాసి 1913లో ప్రచురించాడు. 1966లో హెన్రీ లించ్ ఇలాంటి కుటుంబాల గురించి రాశాడు. తర్వాత ఆమె వంశంలోనే ఎంఎస్‌హెచ్2 లోపం బయటపడింది. ఆమెకి తన బాణం తప్పలేదు. చెప్పడం మాత్రం ఆమె చేతిలో ఉంది, చెప్పింది.

జీన్ ఉన్న ప్రతివాళ్లకీ క్యాన్సర్ రాదు. ఒకటి రెండేళ్లకోసారి కొలనోస్కోపీ చేయించుకుంటే చాలాసార్లు పాలిప్ దశలోనే తీసేయొచ్చు. అంటే దాచిపెట్టిన ప్రతి ఏడాదీ ఇంకొకరి అవకాశాన్ని తినేస్తుంది. ఊరందరికీ చాటక్కర్లేదు. రక్తం పంచుకున్నవాళ్లకి మాత్రం చెప్పి తీరాలి. పెళ్లి చేసుకోబోయే మనిషికీ చెప్పాలనే నా అభిప్రాయం. అది విని వెళ్లిపోయే సంబంధం వెళ్లిపోనివ్వండి.

చివరికి మావయ్యే అమ్మకి ఫోన్ చేసి చెప్పాడు. అమ్మకీ అదే జీన్ ఉంది. మొన్న రెండు పాలిప్స్ తీశారు, ఇప్పుడు బాగుంది. నా బ్లడ్ శాంపిల్ ఇచ్చాను, రిపోర్టు వచ్చే వారం వస్తుంది. అందులో ఏముందో నా చేతిలో లేదు. కానీ అది రాగానే ముందు చెల్లికి పంపిస్తాను.

మీ ఇంట్లో కూడా చిన్న వయసులో ఇలాంటి క్యాన్సర్ ఎవరికైనా వచ్చి ఉంటే, ఈ ఆదివారం పెద్దవాళ్లని కూర్చోబెట్టి అడగండి. ఆ వివరాలు రాసుకుని ఒకసారి డాక్టర్‌కి చూపించండి. శుభం.