తపసి చెట్టుకు ఎంత గాటు?

ఎండాకాలంలో ఆకంతా రాల్చి కొండ మీద తెల్లగా నిలబడే తపసి చెట్టు మనందరికీ తెలుసు. దాని జిగురును మందుల్లో వాడతారు, కట్టుడు పళ్లు అతికించడానికీ వాడతారు. మనకు మాత్రం అది సంతలో ఉప్పు, నూనె, పిల్లల బట్టలు. ఎక్కువ కారాలని గొడ్డలితో కర్ర దాకా నరికాం. అలా నరికిన చెట్లు పుచ్చి ఎండిపోయాయి. తప్పంతా మనదే అంటే ఒప్పుకోలేం. ఆ గొడ్డలి వెనక ఆకలి ఉంది, తూకం తప్ప ఇంకేమీ చూడని షావుకారూ ఉన్నాడు.

బెరడు వరకే గాటు పెడితే గాయం మానుతుందని శాస్త్రం చెప్పింది. అందుకు తగ్గ చిన్న కత్తీ వచ్చింది. 90 సెంటీమీటర్ల చుట్టుకొలత లేని చెట్టును ముట్టొద్దన్నారు. అడవిలో టేపు ఎవరి దగ్గరుంటుంది? రెండు మూరలు అని చెబితే మా బడి పిల్లలకు వెంటనే అర్థమైంది.

సరే, కత్తి పట్టిన చేతిని ఆపేదేమిటి? కొత్త పండుగ చేయనిదే మామిడికాయ ముట్టని వాళ్లం మనం. తపసికి అలాంటి కట్టుబాటు లేదు. దాని ధర బయటి నుంచి, మన పండుగల తర్వాత వచ్చింది కదా! అందుకే బడి గోడ మీద ఎర్రమన్నుతో పిల్లల చేత ఆ చెట్లను వేయిస్తున్నాం. ఒకటి గాయమైనది, ఒకటి మానుతున్నది, ఒకటి ఈ ఏడు వదిలేసినది. వదిలేసిన చెట్టు మీద ధింసా వరసలో పాట కడుతున్నాం. పాట విని షావుకారు ధర పెంచడు, అదీ తెలుసు. కానీ మొన్న ఒక తండ్రి గోడ దగ్గర ఆగి, "ఇందులో మన చెట్టు ఏదే?" అని కూతుర్ని అడిగాడు.